దండ వేసిన చెట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక కెమెరా ఉండేది, ఫోటో అంటూ లేని మనిషి ఒకరు ఉండేవారు. కెమెరా మా చిన్నాన్నది. ఫోటో లేని మనిషి ఆయన తల్లి, అంటే మా మామ్మ. ఆ కెమెరా ముందుకి ఆ మనిషిని తీసుకురావడానికి చిన్నాన్న పడ్డ పాట్లు ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు. నవ్వనివ్వండి. తినబోయే పెసరట్టుకి కూడా ఫోటో తీసుకునే కాలంలో పుట్టినవాళ్ళకి, ఒక ముఖం ఎక్కడా మిగలకుండా పోవడమంటే ఏమిటో ఎలా తెలుస్తుంది?

మా ఊరు అల్లవరం దాటాక, సముద్రం వైపు. పెంకుటిల్లు, ముందు కాలువ, వెనక కొబ్బరితోట, తోట దాటితే వరిచేలు. వసారా గోడ మీద వరసగా ఫోటోలు ఉండేవి. మా ముత్తాత, ఆయన తమ్ముడు, మా తాతయ్య, చిన్నతనంలోనే పోయిన ఒక మేనత్త. అందరికీ గంధం బొట్లు, ఎండిపోయిన దండలు. మామ్మకి ఆ గోడంటే గిట్టేది కాదు. వసారాలో కూర్చుని బియ్యం ఏరవలసి వచ్చినా గోడ వైపు వీపు పెట్టి కూర్చునేది.

దానికి కారణం మా తాతయ్యే. ఎవరి పెళ్ళికో అమలాపురం వెళ్ళిన మనిషి, సరదా పుట్టి స్టూడియోలోకి వెళ్ళి, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఫోటో తీయించుకున్నారట. ఫోటో తయారై ఇంటికి వచ్చేసరికి ఆయన లేరు. విషజ్వరం వచ్చి పోయారు. ఆ జ్వరం సంగతి మామ్మ లెక్కలోకి తీసుకోలేదు. నల్లగుడ్డ కింద దూరినవాడు మనిషిలోంచి ఏదో లాక్కుపోయాడని ఆవిడ నమ్మకం. నమ్మకమని మనం అంటాం గానీ, ఆవిడకి అది కళ్ళారా చూసిన విషయం. పైగా ఆవిడ దగ్గర గట్టి రుజువు కూడా ఒకటి ఉండేది.

"ఆ గోడకేసి చూడరా. దండ పడ్డవాళ్ళలో ఫోటో తీయించుకోనివాడు ఒక్కడున్నాడా?" అని పెద్దకొడుకుని అడిగేది.

మా నాన్నగారు ఊళ్ళో తగువులు తీర్చే మనిషి. మాటకి మాట అప్పజెప్పడంలో ఎవరికీ తగ్గేవారు కాదు. ఈ ప్రశ్న దగ్గర మాత్రం కండువా దులిపి భుజాన వేసుకుని చేలోకి వెళ్ళిపోయేవారు. మా అమ్మానాన్నల పెళ్ళి ఫోటోలో పందిరి రాట వెనక చిన్న చీరకొంగు ముక్క కనిపిస్తుంది. మా ఇంట్లో ఉన్న ఫోటోలన్నిటిలోకీ మామ్మకి సంబంధించినది అదొక్కటే.

చిన్నాన్న రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. అప్పటికి పెళ్ళి కాలేదు. శనివారం సాయంత్రం బస్సులో వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవాడు. ఆయన తీసేవన్నీ చెట్ల ఫోటోలే. మనుషులు కెమెరా చూడగానే బిగుసుకుపోతారు, చెట్లకి ఆ జబ్బు లేదు అనేవాడు. ఒకే చెట్టుని వానల్లో ఒకసారి, మంచులో ఒకసారి, ఎండల్లో ఒకసారి తీసి, ఆ ఫోటోలు చాప మీద పక్కపక్కన పరిచి చూసుకునేవాడు. రీలు కడిగించడానికి అమలాపురం వెళ్ళినప్పుడల్లా స్టూడియో ఆయన, "ఇందులోనూ మనుషులెవరూ లేరేంటండీ మాస్టారూ" అని నవ్వేవాడట.

మామ్మ కూడా నవ్వేది. "మావిడిచెట్టు పూత పూస్తుంది, చింతచెట్టు చిగురేస్తుంది. కొబ్బరిచెట్టుకేముందిరా? ఎప్పుడు చూసినా అదే మొహం. రెండోసారి తియ్యడం దేనికి?" అనేది. చిన్నాన్న కూడా ఆవిడతో కలిసి నవ్వేవాడు. అయినా తీసేవాడు.

ఆ ఏడు తొలకరి రోజుల్లో మామ్మకి తిండి తగ్గింది. ముందు ఎవరూ పట్టించుకోలేదు, ఆవిడతో సహా. తరవాత నాన్నగారు అమలాపురం తీసుకెళ్ళి చూపించారు, అక్కణ్ణించి కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. తిరిగి వచ్చిన రోజు నాన్నగారు కాళ్ళు కడుక్కోకుండానే పశువుల పాకలోకి వెళ్ళి చాలాసేపు అక్కడే నిలబడిపోయారు. బుధవారమో గురువారమో, శనివారం కాని రోజున చిన్నాన్న ఇంటికి వచ్చాడు. నన్ను కూర్చోబెట్టి ఎవరూ ఏమీ చెప్పలేదు గానీ, మామ్మ ఏది అడిగితే అది అమ్మ కిక్కురుమనకుండా వండిపెట్టడం మొదలుపెట్టాక నాకూ అర్థమైంది. కడుపులో గడ్డ అట. మళ్ళీ ఎండాకాలం దాటదని డాక్టరుగారు చెప్పారట. ఆ సంగతి మామ్మకి మాత్రం తెలియదని ఇంటిల్లిపాదీ అనుకున్నాం.

ఆ ఆదివారమే చిన్నాన్న తన ఎత్తు వేశాడు. మామ్మ పెరట్లో కూర్చుని చీపురు పుల్లలు గీసుకుంటోంది.

"కొబ్బరిచెట్టు ఫోటోలో ఎంతెత్తుందో తెలీడం లేదమ్మా. పక్కన మనిషుంటే తెలుస్తుంది. కొలతకి కాస్త నిలబడతావా?"

మామ్మ చేతిలో కత్తి ఆగింది. "నన్ను తీస్తావా?"

"నిన్నెందుకు తీస్తానమ్మా? తీసేది చెట్టుని. నువ్వు కొలబద్దవి, అంతే."

"పాలేరుని నిలబెట్టుకోవచ్చుగా?"

"వాడే చెట్టంత ఉన్నాడు. వాణ్ణి నిలబెడితే కొలత తప్పిపోద్ది."

మామ్మ పకపకా నవ్వింది. తరవాత చాలాసేపు చిన్నాన్న ముఖం వైపే చూసింది. చివరికి మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేస్తూ, "సరే, చెట్టునే తియ్యి. నా వంక చూడకు" అంది.

అలా మొదలైంది. వాన వెలిసిన పూట అది. మట్టల మీంచి ఇంకా చినుకులు రాలుతున్నాయి. తోటలోకల్లా పొడుగు చెట్టు మొదట్లో మామ్మ నిలబడింది. అంత చెట్టూ కనపడాలంటే చిన్నాన్న వెనక్కి, ఇంకా వెనక్కి, కాలువగట్టు దాకా పోవలసి వచ్చింది. నాకూ ఒకసారి కెమెరాలోంచి చూపించాడు. చెట్టు నిలువునా ఉంది. మామ్మ బొటనవేలి గోరంత ఉంది. మామ్మ కనపడట్లేదు చిన్నాన్నా అన్నాను. ఆయన నా చెవి దగ్గర వంగి, ఈసారికి ఇంతేననీ, వచ్చేసారి కాస్త ముందుకు వస్తాననీ, ఆ తరవాత ఇంకాస్త అనీ, ఆవిడ కెమెరాకి అలవాటు పడితే ఆఖర్న ముఖం తీస్తాననీ చెప్పాడు. ఒక్కసారి అనుమానపడితే ఇంక జన్మలో రాదు, నువ్వు నోరు జారకు అన్నాడు. కొత్తగా కొన్న ఆవు దగ్గరికి వెళ్ళేటప్పుడు మా నాన్నగారు కూడా అలాగే మెల్లగా, పక్కచూపులు చూస్తూ వెళ్ళేవారు. ఆ ఉపాయం నాకు నచ్చింది. మా ఇద్దరికీ ఒక రహస్యం దొరికిందని పొంగిపోయాను.

రెండోసారి కార్తీకంలో. సముద్రస్నానానికి ఓడలరేవు వెళ్ళాం. ఇసుకలో సరుగుడు తోట, దాని చివర విడిగా గాలికి ఒక పక్కకి ఒరిగిపోయి పెరిగిన చెట్టొకటి. చిన్నాన్న దాన్ని ఎంచుకున్నాడు. మామ్మ దాని పక్కన నిలబడింది. ఆయన అనుకున్నట్టే ముందటికన్నా బాగా దగ్గరగా వచ్చాడు. కానీ ఆ గాలి చెట్టునే వంచేసిన గాలి, మామ్మ చీరని వదులుతుందా? కొంగు లేచి ముఖం మీద పడింది, ఆవిడ లాక్కునేలోపు చిన్నాన్న మీట నొక్కేశాడు. ఫోటోలో సరుగుడు ఆకు ఆకూ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. పక్కన గుడ్డ చుట్టిన స్తంభంలాంటిదేదో ఉంది.

మూడోసారి కోతల రోజులు. గట్టు మీద తాటిచెట్టు, చుట్టూ మంచు, చేలో కుప్పలు. అప్పటికి మామ్మ బాగా చిక్కిపోయింది. నాన్నగారి దుప్పటి కప్పుకుని వచ్చింది. అయినా ఆ పొద్దున ఆవిడ తల నున్నగా దువ్వుకుని, కొత్త నేతచీర కట్టుకుని రావడం నేను చూశాను. కొలబద్దకి ఇంత సింగారం ఎందుకని అమ్మ ఆటపట్టిస్తే, "చెట్టు పక్కన నిలబడేది నేను కాదా? దాని పరువు పోదా?" అంది. చిన్నాన్న ఈసారి ఇంకా దగ్గరికి వచ్చాడు. తీరా మీట నొక్కే వేళకి మామ్మ చెట్టు తల వైపు తిరిగి పైకి చూస్తూ ఉండిపోయింది. గెలలు ఎన్ని పట్టిందో చూస్తున్నానంది. ఆ ఫోటోలో ఆవిడ ముడి ఉంది, ఒక చెవి ఉంది, వేలాడే చెవితమ్మె ఉంది. ముఖం లేదు.

చిన్నాన్నని తొందరపడమని నేను పోరేదాన్ని. ఆయన మాత్రం, ఇంక ఒక్కటే మిగిలింది, అది తప్పకుండా వస్తుంది అనేవాడు. ఆ ఒక్కటీ బూరుగుచెట్టు. గోదావరి పాయ అవతల లంకలో ఉండేది. మామ్మ పుట్టిల్లు ఆ లంకే. ఆ చెట్టు కింద దూది ఏరి తలగడలు కుట్టుకునేవాళ్ళమని మాకు చెబుతుండేది. కొబ్బరిచెట్టులా కాదు అది. మాఘమాసానికి ఒక్క ఆకు ఉంచుకోకుండా రాల్చేసి, ఫాల్గుణానికి కొమ్మల నిండా ఎర్రగా పూస్తుంది. చిన్నాన్న ఆ పూత కోసం ఎదురుచూశాడు. మామ్మ మంచం దిగడం మానేసింది.

పూసిందన్న కబురు రాగానే మామ్మే లేచి కూర్చుంది. వెళ్దామంది. నాన్నగారు కోప్పడ్డారు. అమ్మ మంచం దగ్గర నిలబడి, "ఎండ మాడ్చేస్తోందండీ అత్తయ్యగారూ, చెట్టెక్కడికీ పోదు కదండీ, కాస్త నిమ్మళించాక వెళ్ళొచ్చండీ" అని బతిమాలింది.

"చెట్టు పోదే అమ్మాయ్," అంది మామ్మ. నాన్నగారు బండి కట్టించడానికి వెళ్ళారు.

రేవు దాకా ఎడ్లబండిలో పడుకోబెట్టి తీసుకెళ్ళాం. పడవలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. లంకలో దిగాక చిన్నాన్న ఆవిణ్ణి చేతుల మీద ఎత్తుకుని చెట్టు దాకా నడిచాడు. చంటిపిల్లంత బరువే ఉందని తరవాత ఎప్పుడో అన్నాడు. చెట్టు మొదలు చుట్టూ గోడల్లా లేచిన వేర్లు, నేల నిండా రాలిన పువ్వులు, పైన గోరింకల గోల. మామ్మ ఒక వేరుకి నడుం ఆనించి, అరచెయ్యి మాను మీద వేసి నిలబడింది. నేను పక్కనే పువ్వులు ఏరుకుంటున్నాను.

చిన్నాన్న దూరం పోలేదు. అటూ ఇటూ చూస్తున్నట్టు నటిస్తూ, కెమెరా సర్దుకుంటున్నట్టు నటిస్తూ, మెల్లగా, మెల్లగా దగ్గరికి వచ్చేశాడు. చెయ్యి చాస్తే మామ్మ చెంప అందేంత దగ్గర. మామ్మ ఈసారి ఎటూ తిరగలేదు. తిన్నగా ఆయనకేసే చూస్తోంది. ఎండ ఆవిడ ముఖం మీదే ఉంది. గాలి లేదు. ఏడాదంతా ఎదురుచూసిన క్షణం ఇదేనని నాకు తెలిసిపోయింది, పువ్వులు ఏరడం ఆపేశాను. చిన్నాన్న కెమెరా కంటికి ఆనించాడు.

"చెట్టు పట్టదు నాన్నా," అంది మామ్మ నెమ్మదిగా. "అంత దగ్గరికొస్తే చెట్టెక్కడ పట్టుద్ది? వెనక్కెళ్ళు."

చిన్నాన్న కెమెరా దించలేదు. వేలు మీట మీదే ఉంది. నొక్కితే అయిపోయేది, ఆవిడ అడ్డుకునే ఓపికలో లేదు. తరవాత ఆయన కెమెరా దించాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "ఆయ్, అలాగేనమ్మా," అని వెనక్కి అడుగు వేశాడు. అలా వెనక్కి నడుస్తూ, నడుస్తూ, నీళ్ళ అంచు దాకా పోయి, అక్కణ్ణించి చెట్టు మొత్తం పట్టేలా తీశాడు. తీశాక చాలాసేపు మాకు వీపు పెట్టి అక్కడే కూర్చుని రీలు తిప్పుతున్నాడు. రీలు తిప్పడానికి అంతసేపు పట్టదు.

తిరిగి వచ్చేటప్పుడు చిన్నాన్న పడవ ముందువైపు, గెడ వేసే సరంగు దగ్గర కూర్చున్నాడు. నేను వెనక మామ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నాకు ఏడుపు ముంచుకొస్తోంది, కోపం కూడా. మామ్మ నా తల మీద చెయ్యి వేసి, మీ చిన్నాన్నకి చిన్నప్పట్నించీ అబద్ధం ఆడ్డం రాదే అంది. తెలిసే నిలబడ్డావా అని అడిగాను. వాడు పిలిస్తే రాకుండా ఎలాగ అంది. మరి ఎందుకు వద్దన్నావు, అంత భయమా అన్నాను. అప్పుడు మామ్మ గొంతు తగ్గించి చెప్పిన మాటలు నాకు ఇవాళ్టికీ వినిపిస్తాయి.

"నేను పోతున్నానే పిచ్చిదానా. మీ మొహాలు చూస్తే తెలీదూ? ఇంక నాకు భయమేంటి. వాడు నా మొహం తీసిన నాలుగు రోజులకి నేను పోయేననుకో, అమ్మని నేనే చంపుకున్నానని వాడు కుమిలిపోతాడు. మీ తాతయ్య పోయిన కాణ్ణించీ ఆ స్టూడియోవాణ్ణి నేను తిట్టని రోజు లేదు. రేపు నా బిడ్డని ఎవరైనా అలా తిడితే? చెట్టునే తీసేడు, నన్ను తియ్యలేదు. వాడితో అనకు."

పెద్దవాళ్ళు వద్దంటే అది మొండితనమో భయమో అనే అంతదాకా నేను అనుకునేదాన్ని. ఆ వద్దు ఎదుటివాళ్ళ కోసం కూడా కావచ్చని ఆ పడవలో తెలిసింది. ఆవిడ నమ్మకాన్ని ఆవిడ వదులుకోలేదు. ఆ నమ్మకం లోపలే ఉండి, అందులోంచి కొడుకుని తప్పించే దారి వెతుక్కుంది. అంత ప్రేమ నేను మళ్ళీ చూడలేదు. అంత వృథాగా పోయిన ప్రేమ కూడా చూడలేదు.

ముంజలు తినాలని ఉందని అడిగింది గానీ, ఆ ఏడు అవి ఆలస్యంగా వచ్చాయి. మొదటి గెల దిగేసరికి మామ్మ లేదు.

దినకార్యానికి ఫోటో కావాలి కదా. చిన్నాన్న నెగెటివులన్నీ పట్టుకుని అమలాపురం వెళ్ళాడు, నన్నూ తీసుకెళ్ళాడు. బూరుగుచెట్టు కింద ఉన్న మామ్మని పెద్దది చేయమని అడిగాడు. స్టూడియో ఆయన లోపలికి వెళ్ళి చాలాసేపటికి తడి కాయితం పట్టుకుని వచ్చాడు. దాని మీద బూడిదరంగు చుక్కలు కనిపించాయి. దూరంగా పెట్టి చూస్తే మనిషిలా ఉంది, దగ్గరికి తెస్తే విడిపోతోంది.

"ఆయ్, ఇంతకన్నా రాదండీ మాస్టారూ. ఉన్నదాన్నే పెద్దది చెయ్యగలనండీ, లేనిదాన్ని తేలేను కదండీ," అన్నాడు ఎంతో నొచ్చుకుంటూ.

అందుకని వసారా గోడ మీద తాతయ్య పక్కన బూరుగుచెట్టు ఫోటోనే పెట్టారు. నిండా పూసిన చెట్టు, మొదట్లో గోరంత మనిషి. నాన్నగారు గంధం బొట్టు ఎక్కడ పెట్టాలో తెలియక వేలు గాల్లో ఉంచి నిలబడ్డారు. చివరికి చెట్టు మొదట్లో పెట్టారు. ఆ బొట్టు కింద ఆ కాస్త మనిషి కూడా కనపడకుండా పోయింది. పైన బంతిపూల దండ వేశారు. కార్యానికి వచ్చినవాళ్ళు ఒకరినొకరు, చెట్టుకి దండేంటండీ అని అడిగారు. మా నాన్నగారి పెత్తల్లి ఒకావిడ మాత్రం అడగలేదు. అందరూ వినేలాగే అంది.

"చెట్టు వంక పెట్టి తల్లిని తీసేడుట. ఇంకుంటుందా మనిషి?"

మామ్మ దేనికి భయపడి ముఖం ఇవ్వకుండా పోయిందో, అదే జరిగింది. ముఖమూ దక్కలేదు, నిందా తప్పలేదు. చిన్నాన్న విస్తళ్ళు మోస్తూ ఆ మాట విన్నాడు. విస్తళ్ళు కింద పెట్టలేదు, వడ్డించడానికి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత కూడా ఆయన చెట్లని తీయడం మానలేదు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఉద్యోగం అయిపోయింది. కాట్రేనికోన వైపు మడ అడవుల్లో పడవేసుకుని తిరిగాడు, లంకల్లో వరద దిగాక బురద కొట్టుకున్న చెట్లని తీశాడు, ఎండలకి బీటలు వేసిన చేల మధ్య ఒంటి తుమ్మచెట్లని తీశాడు. ఒక్క ఫోటోలోనూ మనిషి ఉండడు. కానీ ప్రతి ఫోటోలో చెట్టు మొదట్లో, ఒక మనిషి నిలబడేంత చోటు ఖాళీగా ఉంటుంది. పైన కొమ్మలు పట్టకపోయినా సరే, ఆ చోటు వదిలి తీసేవాడు. ఎందుకని ఆయన్ని ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరం నాకు లేదు.

ఆయన మంచాన పడ్డాక, ఇంక దాచడం ఎవరి కోసమని, పడవలో మామ్మ అన్న మాటలు చెప్పాను. చెబితే ఆయన మనసు తేలికపడుతుందనుకున్నాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

"నింద ఎలాగూ పడ్డానే. ఇంకో నాలుగు పడేవాణ్ణి. మొహం ఉండేదే," అన్నాడు.

అంతే అన్నాడు. ఓదార్పు అవుతుందనుకున్న మాట ఆయన ఆఖరి రోజుల మీద ఇంకో బరువు పెట్టింది. కొన్ని ప్రేమలు అంతే. ఒకరు ఇటునుంచి కాపాడబోతారు, ఇంకొకరు అటునుంచి కాపాడబోతారు, మధ్యలో ఏది మిగలాలో అది మిగలదు.

ఇప్పుడు చిన్నాన్న ఫోటోల పెట్టె నా దగ్గర ఉంది. టీచరు ఉద్యోగం అయిపోయి అమలాపురంలో ఉంటున్నాను కనక తీరిక బాగానే ఉంది. ఒక్కో ఫోటో పట్టుకుని, ఆయన నిలబడిన చోటే నిలబడి, నా ఫోన్‌తో అదే చెట్టుని తీద్దామని బయల్దేరాను. అదొక వెర్రి. ఓడలరేవు సరుగుడుచెట్టు ఉన్న చోట అలలు విరుగుతున్నాయి. లంకని గోదావరి ప్రతి వరదకీ ఇంత ఇంత కోసుకుపోయింది. బూరుగుచెట్టు ఏ ఏడు పోయిందో ఆ రేవులో ఎవరూ చెప్పలేకపోయారు. అయినా ఆ నీళ్ళనే ఫోటో తీసుకుని వచ్చాను. తాటిచెట్టు గట్టు మీదుగా తారురోడ్డు పడింది. కొబ్బరితోట రొయ్యల చెరువైంది. ముందు చుట్టుపక్కలవాళ్ళు తవ్వారు, ఉప్పు ఊరి మా చెట్ల తలల్లో మొవ్వులు వాలిపోయాయి, ఇంక ఉంచి ఏం లాభమని మా అన్నయ్య కూడా తవ్వించేశాడు. అన్నయ్యని తప్పు పట్టలేను. కొబ్బరిచెట్టుకి కాలాలు లేవని మామ్మ అనేది. చివరికి దానికీ ఒక కాలం వచ్చింది.

మామ్మ ముక్కు పక్కన ఒక పులిపిరి ఉండేది. కుడివైపు అని నేనంటాను, ఎడమవైపు అని అన్నయ్య అంటాడు. ఇదివరకు ఈ విషయం మీద గట్టిగా పోట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు పోట్లాడుకోవడం లేదు. ఎందుకంటే ఈ మధ్య కళ్ళు మూసుకుంటే నాకు కుడీ రావడం లేదు, ఎడమా రావడం లేదు. గొంతు వస్తుంది. మాను మీద వేసిన అరచెయ్యి వస్తుంది. వాటి పైన ముఖం ఉండవలసిన చోట ఖాళీ వస్తుంది. మేమిద్దరం పోతే ఆ ఖాళీ కూడా ఉండదు.

మొన్న మా మనవరాలు సెలవులకి వస్తే, తోట ఉండిన చోటు చూపిస్తానని తీసుకెళ్ళాను. చెరువుగట్టున మొవ్వు రాలిపోయిన మోళ్ళు కొన్ని ఇంకా నిలబడి ఉన్నాయి. రొయ్యలకి గాలందేలా నీళ్ళు చిలికే చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి. ఒక మోడు పక్కన నన్ను నిలబెట్టి, "అమ్మమ్మా, అలాగే ఉండు" అని ఫోన్ ఎత్తి పట్టుకుని అది వెనక్కి నడుస్తోంది. మోడు మొత్తం రావాలని దాని తాపత్రయం. వెనక్కి, ఇంకా వెనక్కి వెళుతోంది.

ఫోన్లో వేలకి వేలు ఫోటోలుంటాయి, ఇదీ వాటి అడుగున పడిపోతుంది, ఫోన్ మార్చిన రోజున పోతుంది. నాకు తెలియనిదేం కాదు. అయినా వెనక్కి వెళ్ళొద్దని గట్టిగా అరిచాను. అది బెదిరిపోయి ఆగింది. చెట్టు అక్కర్లేదు, దగ్గరికి రమ్మన్నాను. వచ్చింది. ఇంకా దగ్గరికి రమ్మన్నాను.